గంట గోపురం దిగిన కథ

నోటికి తాళం లేని మనుషులు అన్ని ఊళ్లలోనూ ఉంటారు గానీ, ఆ అద్దె ఇంట్లో ఉండేవాడికి తాళం సంగతి అలా ఉంచి, అసలు తలుపులే లేవు. అందరూ అతన్ని రాయుడు అని పిలిచేవారు. అది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. దాని ముందు "కోతల" అని ఇంకో మాట ఉండేది. మర్యాద కొద్దీ ఆ సగాన్ని మింగేసి మిగతా సగం పలికేవారు. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసే పలికేవాడు, పైగా కాస్త గర్వంగానే.

చదువుకోసం దేశం దాటి వచ్చిన ముగ్గురు కుర్రాళ్లు కలిసి తీసుకున్న పాత ఇల్లు అది. కింద వంటగది, పైన రెండు గదులు, ముందు వాన పడితే సగం తడిసే వరండా. వయసులో పెద్దవాడు, పెళ్లయినవాడు, వంట తెలిసినవాడు ఒకడుండేవాడు. అతను అందరికీ బావ. ఎవరికి ఎలా బావో ఎవరూ అడగలేదు. రాయుడితో ఒకే గదిలో ఉండేవాడి పేరు మౌని. నోట్లోంచి మాట బయటికొస్తే చలికి వణుకుతుందేమోనన్నట్టు దాచుకునే మనిషి. గదిలో ఒకడు మాట్లాడుతూనే ఉంటాడు, ఇంకొకడు వింటూనే ఉంటాడు. ఇంతకంటే మంచి జోడీ దొరకదని బావ అనేవాడు. పక్క వీధిలో ఉంటూ లా చదివే అమ్మాయి ఒకతి ఆదివారం సాయంత్రాలు టీకి వచ్చేది. ఏం చెప్పినా "సాక్ష్యం ఏది?" అనడం అలవాటు కాబట్టి ఆమెను లాయరమ్మ అనేవారు.

ఆ ఆదివారం ఇంట్లో ఇంకో మనిషి ఉంది. మౌని అక్క. బ్యాంకులో కౌంటరు దగ్గర ఉద్యోగం. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. చిన్నప్పటి నుంచీ వాడికి ఉబ్బసం. ఈ మధ్య ఒక సెలవు రోజున బయటికి వెళ్లినప్పుడు ఊపిరాడక పడిపోయాడని ఫోన్లో విన్న దగ్గర్నుంచీ ఆమెకి తిండి సయించలేదు. సెలవు పెట్టి విమానమెక్కి వచ్చేసింది. ఎందుకొచ్చిందో పొద్దున ఉల్లిపాయలు తరుగుతూ బావకి చెప్పింది. "వీణ్ణి వెంటపెట్టుకుని పోతానయ్యా. చదువు ఎక్కడున్నా చదువే. ఊపిరి పోతే మళ్లీ ఎవరిస్తారు?" బావ ఆ మాట రాయుడి చెవిన వేశాడు. రాయుడి గుండె గతుక్కుమంది. ఎందుకు గతుక్కుమందో బావకి తెలీదు.

సాయంత్రం వరండాలో అందరూ కూర్చున్నారు. మెట్ల మీద బావా రాయుడూ, గోడ మీద లాయరమ్మ, మూలన గుమ్మానికి ఆనుకుని మౌని. అక్క టీలు తెచ్చి ఒక్కొక్కరికీ ఇచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుంది. తను ఒక గుక్క తాగి, రాయుడి వైపు తిరిగింది.

"బాబూ, మా వాడు ఫోన్లో సగం చెప్తాడు, సగం మింగుతాడు. ఆ రోజు ఆ చర్చీ మసీదూ అవన్నీ చూడ్డానికి వెళ్లింది నువ్వూ వాడేనటగా? ఆయాసం వస్తే ఎవరో దగ్గరుండి చూసుకున్నారన్నాడు. నువ్వేనా?"

రాయుడు మౌని వైపు చూశాడు. మౌని టీ ఊదుకుంటున్నాడు.

కాదు అనడానికి ఎంత నోరు కావాలి? రెండక్షరాలు. జీవితంలో మొదటిసారి రాయుడికి ఆ రెండక్షరాలు దొరకలేదు. అక్క కళ్లు అతని మొహం మీదే ఉన్నాయి. పొయ్యి దగ్గర నిలబడి ఎర్రబడిన కళ్లు.

"అదేదో... నాకు చేతనైంది చేశానక్కా," అన్నాడు.

"అదేంట్రా!" బావ గట్టిగా అన్నాడు. "వీధిలో కాకి వాలితే వారం రోజులు చెప్తావు. ఇంత పని చేసి నోరు మూసుకున్నావా? ఇన్నాళ్లూ ఆ రోజు సంగతి అడిగితే, ఏముంది బావా, రాళ్లూ గోడలూ అనేవాడివి!"

"చెప్పుకునేదేముంది బావా."

"అయితే నిజమే అయ్యుంటుంది," అంది లాయరమ్మ. "అబద్ధమైతే ఎప్పుడో చెప్పేవాడు."

అందరూ నవ్వారు. రాయుడూ నవ్వాడు. ఆ నవ్వులోనే తప్పించుకోవచ్చనుకున్నాడు. కానీ అక్క నవ్వలేదు. "చెప్పు బాబూ, మొదటి నుంచీ చెప్పు. వినాలనుంది," అంది. ఒక పక్క భయం, ఇంకో పక్క ఒక సాకు: అక్క గుండె నిబ్బరపడితే మౌనిని తీసుకుపోదు, వాడి చదువు ఆగదు. వాడి మంచికే కదా? అలా తనకి తను నచ్చజెప్పుకుని, గొంతు సవరించుకున్నాడు.

"పొద్దున్నే బయల్దేరామక్కా. కాలేజీకి సెలవు, ఆకాశంలో మబ్బు తునక లేదు, ఇంట్లో ఉంటే బావ చేత గిన్నెలు తోమిస్తాడు. పద, ఈ ఊళ్లో దేవుళ్లందర్నీ ఒక చుట్టు చుట్టొద్దామన్నాను. ముందు మసీదు. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని గుమ్మం దాకా వెళ్లాం. అక్కడొక గడ్డం పెద్దాయన, ఇప్పుడు లోపలికి వీల్లేదు, సాయంత్రం రమ్మన్నాడు. వీడు వెనక్కి తిరిగాడు. నేను తిరుగుతానా? ఆయన భాషలోనే రెండు ముక్కలు మాట్లాడాను."

"నీకా భాష ఎప్పుడొచ్చింది?" లాయరమ్మ అడిగింది.

"బస్సుల్లో రాసుంటుందిగా, అది చదివి నేర్చుకున్నా."

"బస్సుల్లో 'తలుపులు మూసుకుంటున్నాయి, దూరంగా నిలబడండి' అని తప్ప ఏముంటుంది?"

"అదే చెప్పాను. ఆయన భయపడి తలుపులు తెరిచేశాడు."

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్క కూడా పెదవి చివర నవ్వింది. రాయుడికి కాస్త ఊపిరొచ్చింది.

"లోపల చూడాలక్కా, నేల ఎంత చల్లగా ఉందంటే పాదం పెడితే తీయబుద్ధి కాదు. ఒక్క బొమ్మ లేదు, ఒక్క శబ్దం లేదు. మా మౌని అయితే అక్కడే ఉండిపోతానన్నాడు. అంటే అనలేదనుకోండి, వీడు ఎప్పుడన్నాడు గనక, మొహం చూసి నేనే అర్థం చేసుకున్నా. ఆ తర్వాత చర్చి. పాత చర్చి. పక్కనే గంట గోపురం. లోపల మెట్లు నత్తగుల్లలా తిరుగుతూ పోతాయి. ఇరుకంటే ఇరుకు కాదు, ఒకరు దిగుతుంటే ఇంకొకరు గోడకి బల్లిలా అతుక్కోవాలి."

అక్కడిదాకా వచ్చేసరికి రాయుడికి ఆ గోడ కళ్ల ముందుకొచ్చింది. చెమ్మగా, చల్లగా, మధ్యలో ఒక సన్నటి కిటికీ. టీ తాగబోతే కప్పు పళ్లకి తగిలి టక్కుమంది.

"ఊఁ, మెట్ల మీద?" అంది అక్క.

"సగం ఎక్కేసరికి వీడికి ఆయాసం వచ్చిందక్కా. కూర్చోబెట్టాను. వీపు నిమిరాను. బ్యాగులోంచి ఇన్హేలర్ తీసిచ్చాను. అంతే. ఎవరైనా అంతే చేస్తారు."

అక్క కళ్లు మూసుకుంది. చేతిలో టీ కప్పు ఒళ్లో పెట్టుకుని, "నీ కడుపు చల్లగా ఉండాలి బాబూ. దేవుళ్లని చూడ్డానికెళ్లి మా వాడికి నువ్వే దేవుడివయ్యావు," అంది.

రాయుడి వీపు మీద వేడినీళ్లు పోసినట్టయింది. ఆ మాట అక్కడ అలా నిలబడిపోతే చచ్చిపోతాననిపించింది. దాన్ని కప్పెయ్యాలి. దాని మీద ఏదో ఒకటి, పెద్దది, నవ్వొచ్చేది, ఎవరూ నమ్మనిది పడెయ్యాలి. నమ్మనిది పైన పేరిస్తే కింద ఏముందో ఎవరు చూస్తారు?

"అంతేనా అనుకున్నారా అక్కా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇన్హేలర్ పీల్చాడా, అయినా కాళ్లలో సత్తువ లేదు. కిందకి దించుదామా అంటే, కింద నుంచి జనం! ఒకరి వెనక ఒకరు, చీమల బారులా ఎక్కుతూనే ఉన్నారు. టోపీలు, కెమెరాలు, చంటిపిల్లలు, ఒకాయనైతే మడత కుర్చీ చంకలో పెట్టుకుని ఎక్కుతున్నాడు. దారివ్వండి బాబోయ్ అంటే ఫొటో తీస్తున్నారనుకుని పళ్లు చూపిస్తున్నారు. కిందకి దారి లేకపోతే ఏం చెయ్యాలి? పైకే పోవాలి. వీణ్ణి వీపు మీద వేసుకున్నా. ఎక్కాను. ఎక్కాను. మధ్యలో చీకటి పడి తెల్లారినట్టు కూడా గుర్తు. చివరికి గోపురం పైకొచ్చేసరికి మబ్బులు మోకాళ్ల దగ్గరున్నాయి."

"ఆకాశంలో మబ్బు తునక లేదన్నావు పొద్దున," అంది లాయరమ్మ.

"కింద నుంచి కనబడవమ్మా. పైన ఉన్నవాడికే తెలుస్తుంది."

"ఒరేయ్, నేనూ చూశాను ఆ గోపురాన్ని," అన్నాడు బావ. "మన ఇంటి మీద ఇంకో రెండు ఇళ్లు పెడితే సరిపోతుంది."

"బయటి నుంచి అంతే బావా. లోపలికి వెళ్లాక పెరుగుతుంది. సరే వినండి. పైన గంట. గంటంటే గంటా అది! బోర్లా పడేస్తే మన ముగ్గురం అందులో సంసారం చేసుకోవచ్చు, బావకి వంటగది కూడా వస్తుంది. తాతల నాటి నుంచీ దాన్ని ఎవరూ మోగించలేదట, మోగించే బలం ఎవరికుందని? దాని తాడు ఒకటి కిందకి వేలాడుతోంది. నాకు మెరుపులా తట్టింది. మెట్ల మీద దారి లేకపోతే తాడు మీద లేదా? తాడు నడుముకి చుట్టుకున్నా, వీణ్ణి వీపుకి కట్టుకున్నా, కళ్లు మూసుకుని, మీ అక్కని తలుచుకోరా అన్నాను. దూకేశాను!"

"అమ్మో!" అంది అక్క, నవ్వుతూనే గుండె మీద చెయ్యి వేసుకుని.

"దూకితే ఏమైందో తెలుసా? ఇద్దరి బరువుకీ గంట ఊగింది. ఠాంగ్! ఊళ్లో గడియారాలన్నీ ఆగిపోయాయి. బళ్లు తలుపులు తెరిచి పిల్లల్ని ఇంటికి పంపేశాయి. పక్క ఊరి చర్చిలో పెళ్లి జరుగుతోందట, పెళ్లికొడుకు కంగారుపడి పక్కనున్న పాదిరిగారికి ఉంగరం తొడిగేశాడు!"

బావ మెట్ల మీద నుంచి జారిపోయేలా నవ్వాడు. లాయరమ్మ నోటిలోని టీ ముక్కులోకి పోయింది. రాయుడు ఆగలేదు. నవ్వు వినబడుతున్నంతసేపూ మూలనున్న మనిషి వైపు చూడక్కర్లేదు.

"తీరా చూస్తే తాడు నేల దాకా లేదు! గాల్లో ఊగుతున్నాం. అప్పుడు గోపురంలో కాపురముంటున్న పావురాలు, వేలకి వేలు, గంట మోతకి ఒక్కసారిగా లేచాయి. వీడి మెళ్లో ఉన్ని మఫ్లరుంది చూశారూ, దాన్ని విప్పి పరిచాను. నాలుగు మూలలా నాలుగు పావురాలు ముక్కులతో పట్టుకున్నాయి. నేనేం పిలవలేదు, వాటి మంచితనం. ఊరి మీదుగా ఎగురుకుంటూ పోతున్నాం. కింద మసీదు పెద్దాయన చెయ్యి ఊపి, తలుపులు తీసే ఉన్నాయి అని అరుస్తున్నాడు. పోయి పోయి కొండ మీది మఠంలో దిగాం. అక్కడ ఒక సన్యాసి. నోరు తెరిచి మాట్లాడితే ఒట్టు, ఎన్నేళ్లుగానో మౌనవ్రతం. అలాంటాయన మా మౌనిని చూశాడు. పైనుంచి కింద దాకా చూశాడు. లేచి నిలబడి, వ్రతం పోతే పోయిందని నోరు తెరిచి, 'అయ్యా, తమరు నాకంటే సీనియర్లు' అని దణ్ణం పెట్టాడు!"

అక్క ఇక ఆపుకోలేకపోయింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్లలోంచి నీళ్లు కారేలా నవ్వింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె అలా నవ్వడం అదే మొదటిసారి. బావ చప్పట్లు కొట్టాడు. రాయుడికి ఒళ్లు తేలికైపోయింది. గట్టెక్కాననుకున్నాడు. ఇంకొక్క తోపు తోస్తే మొదటి మాట పాతాళంలో పడిపోతుంది.

"సాయంత్రానికి మసీదు పెద్దాయనా, పాదిరిగారూ, సన్యాసీ, ముగ్గురూ కూర్చుని పంచాయితీ. ఈ కుర్రాణ్ణి కాపాడింది మా దేవుడంటే మా దేవుడని. చివరికి ముగ్గురూ రాజీకొచ్చి, కాపాడింది రాయుడే, అతనికి ఊరి మధ్యలో విగ్రహం పెడదామన్నారు. నేనే వద్దన్నా. ఎండలో నిలబడితే నల్లబడిపోతానని!"

"మాటలు కోటలు దాటుతాయంటారు, నీవి దేశాలే దాటాయి కదరా!" అన్నాడు బావ కళ్లు తుడుచుకుంటూ.

నవ్వులు మెల్లగా సద్దుమణిగాయి. రాయుడు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. ఇప్పుడు ఎవరో ఒకరు లేచి కప్పులు తీస్తారు, ఎవరో రేపటి క్లాసుల మాటెత్తుతారు, అయిపోతుంది.

అక్క లేచింది. కప్పులు తియ్యలేదు. వచ్చి రాయుడి పక్కన మెట్టు మీద కూర్చుంది.

"పావురాలూ గంటలూ సరేలే బాబూ. నేను భయపడతానని నవ్వించడానికి చెప్పావు, ఆ మాత్రం తెలీదా నాకు? మంచి మనసున్నవాళ్లు చేసిన సాయాన్ని అలా నవ్వులాటలో దాచేస్తారు. వీపు నిమిరానన్నావు చూడు. నాకు అది చాలు. వీణ్ణి తీసుకుపోదామని వచ్చాను. ఇక తీసుకుపోను. ఒరేయ్, ఇలా రా."

మౌని వచ్చాడు. అక్క వాడి చెయ్యి పట్టుకుని తెచ్చి రాయుడి చేతిలో పెట్టింది. పైన తన చెయ్యి వేసింది. "నీకు అప్పగిస్తున్నా. వీడికి ఇక్కడ నువ్వే అక్కవి అనుకో."

ఇప్పుడు చెప్పొచ్చు. రాయుడికి తెలుసు, ఇప్పుడైనా చెప్పొచ్చు. మౌని చెయ్యి అతని అరచేతిలో కదలకుండా ఉంది. పట్టుకోనూ లేదు, విడిపించుకోనూ లేదు. ఎదురుచూస్తున్నట్టుంది. రాయుడు నోరు తెరిచాడు.

"మీరు నిశ్చింతగా ఉండండక్కా," అన్నాడు.

మౌని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. విసురుగా కాదు, ఎవరిదో వస్తువు పొరపాటున పట్టుకుంటే తిరిగి పెట్టేసినట్టు.

"అక్కా, నేను ఇక్కడే ఉంటాను. చదువు పూర్తి చేస్తాను. కానీ ఇతను చూసుకుంటాడని నువ్వు నన్ను వదిలి వెళ్లొద్దు."

ఇతను. పొద్దున దాకా "వీడు" అనేవాడు. రాయుడి చెవిలో ఆ ఒక్క మాట సూదిలా దిగింది.

"అదేం మాటరా?" అంది అక్క.

"పావురాలు అబద్ధమని నీకు తెలిసిపోయింది. వీపు నిమరడమూ అబద్ధమే. పావురాలు నాలుగైనా వచ్చాయి, ఇతను అసలు రాలేదు."

ఎవరూ నవ్వలేదు. మౌని గుమ్మానికి ఆనుకుని, ఎవరి వైపూ చూడకుండా, తన మామూలు సన్నటి గొంతుతోనే చెప్పాడు. అంత పొడవుగా అతను మాట్లాడగా ఎవరూ వినలేదు.

"ఫొటోలు తీసుకోవడానికి ఇతను ముందే పైకి వెళ్లాడు. నేను సగంలో కూలబడ్డాను. బ్యాగు ఇతని భుజాన ఉంది. పిలిచాను. దిగి వచ్చాడు. వచ్చి నా పై మెట్టు మీద నిలబడ్డాడు. నాకు మాట రావట్లేదు, చెయ్యి చాపాను. చూశాడు. చూసి, నన్ను దాటుకుని కిందకి వెళ్లిపోయాడు. పోతూ నా కాలు తొక్కాడు. 'సారీ' అన్నాడు."

వీధిలో ఎవరిదో సైకిలు గంట మోగి వెళ్లిపోయింది.

"తర్వాత ఒక పెద్దావిడ ఎక్కుతూ వచ్చింది. ఆమెకీ ఇదే జబ్బట. తన సంచిలోంచి ఇన్హేలర్ తీసి నా నోట్లో పెట్టింది. వీపు నిమిరింది ఆవిడే. కిందకి చెయ్యి పట్టుకుని దింపింది. బయట ఇతను ఎదురొచ్చి, 'ఎక్కడికి పోయావురా, నీకోసమే వెతుకుతున్నా' అన్నాడు."

ఇన్నాళ్లూ రాయుడు ఒక్క నమ్మకం పట్టుకుని బతికాడు: మెట్ల మీద మౌని కళ్లు మూసుకునే ఉన్నాడని. పక్క పక్క మంచాల మీద పడుకుంటూ, ఒకే అద్దం ముందు తల దువ్వుకుంటూ, వాడికి తెలీదు, వాడు చూడలేదు అనుకుంటూ వచ్చాడు. వాడికి అన్నీ తెలుసు. తెలిసి, వీడు అని పిలిచాడు. తెలిసి, పొద్దున్నే రాయుడి కప్పులో కూడా టీ పోశాడు.

ఆ రోజు మెట్ల మీద అతనికి వినబడింది ఊపిరి కాదు, సన్నటి ఈల. చూసింది మౌని మొహం కూడా కాదు, నీలంగా మారుతున్న పెదవులు. ఎవరినైనా పిలుచుకొద్దామనే దిగాడు, ప్రమాణంగా. కానీ కింద ఎండ తగలగానే కాళ్లు ఎవరినీ వెతకలేదు. చర్చి వెనక పిట్టగోడ దగ్గరికి తీసుకుపోయాయి. అక్కడ కూర్చుని బ్యాగు జిప్పు తీశాడు. ఇన్హేలర్ కనబడింది. జిప్పు మూసేశాడు. ఈ ముక్క మౌనికి కూడా తెలీదు.

అక్క అతని చేతి మీద నుంచి తన చెయ్యి తీసింది.

"బ్యాగు తెరిచి చూశావా బాబూ?" అని అడిగింది.

రాయుడు నోరు తెరిచాడు. తాడు లేదు, పావురాలు లేవు, సన్యాసి లేడు. ఏమీ రాలేదు. తల దానంతటదే వాలిపోయింది. అక్కకి జవాబు అందింది. ఆమె తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

లాయరమ్మ గోడ దిగి, చెప్పులు వేసుకుని, వెళ్తున్నానని కూడా ఎవరికీ చెప్పకుండా వెళ్లింది. బావ కప్పులన్నీ ఏరుకున్నాడు. రాయుడి దగ్గరికొచ్చి కప్పు కోసం చెయ్యి చాపాడు. రాయుడు ఇచ్చాడు. "ఎంత నవ్వాన్రా నేను," అన్నాడు బావ, తన మీద తనకే అసహ్యం వేసినట్టు, అని లోపలికి పోయాడు.

మౌని ఒక్కడూ గుమ్మంలో మిగిలాడు. రాయుడు తల ఎత్తకుండానే, "నన్ను తిట్టరా," అన్నాడు.

మౌని, "వీపు నిమిరానని చెప్పావు చూడు. అప్పుడు ఒక్క క్షణం నేనూ నమ్మాను," అన్నాడు. "అలాగే జరిగుంటే ఎంత బాగుండేది అనిపించింది." అని పైకి వెళ్లిపోయాడు.

భూమి చీలితే బాగుండునని జనం ఊరికే అంటారనుకునేవాడు రాయుడు. చీలదు. మెట్టు గట్టిగానే ఉంటుంది, దాని మీద కూర్చునే ఉండాలి. ఎదురింటి పిల్లలు బంతి ఆడుకుని లోపలికెళ్లారు. ఎవరో ఆరేసిన బట్టలు తీసుకున్నారు. బావ వంటగదిలో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. ఎవరూ రాయుడా అని పిలవలేదు. కోతల రాయుడా అని పిలిచినా బాగుండేది.

తలుపు చప్పుడైంది. అక్క. చేతిలో నీలం రంగు ఇన్హేలర్. రాయుడు గభాల్న లేచి నిలబడ్డాడు.

"అక్కా, నేను ఆ రోజు..."

"కథ వద్దు," అంది అక్క. "కూర్చో."

కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చోలేదు, ఎదురుగా కింది మెట్టు మీద నిలబడింది.

"ఇది అయిపోయినది. మందు లేదు. ఇలా మూత తియ్యాలి. ఊపాలి. ఆయాసంలో వాడికి చేతులు వణుకుతాయి, నొక్కలేడు. నువ్వు పట్టుకోవాలి. ఒక చెయ్యి వాడి వీపు వెనక. పడుకోబెట్టకూడదు, కూర్చోబెట్టాలి. వాడు పీల్చే వేళకి నొక్కాలి. ముందు కాదు, వెనక కాదు. మాట్లాడించకు. నువ్వూ మాట్లాడకు."

రాయుడు తల ఊపాడు.

"నీ మీద నమ్మకం కలిగి చెప్తున్నాననుకోకు," అంది. "ఇంకో గది లేదు ఈ ఇంట్లో. వాడి పక్క మంచం నీది. అందుకు." ఇన్హేలర్ అతని చేతిలో పెట్టింది. "చెయ్యి. నేనే వాణ్ణనుకో."

ఆమె మెట్టు మీద కూర్చుని, వీపు వంచి, తమ్ముడు ఎలా పీలుస్తాడో అలా పీల్చింది. సన్నగా, గొంతులో ఈల వేస్తూ. వాడి చిన్నప్పటి నుంచీ ఆమె విన్న ఈల. గోపురం మెట్ల మీద రాయుడు విన్నదీ అచ్చం అదే. రాయుడికి లేచి పారిపోవాలనిపించింది. కాళ్లు మెట్టు మీద నుంచి లేవబోయాయి కూడా. లేవలేదు. మూత తియ్యడానికి రెండుసార్లు పట్టింది. ఆమె వీపు వెనక చెయ్యి వేశాడు. నొక్కాడు. ఆమె ఊపిరి వదిలిన వేళకి నొక్కాడు. ఖాళీ డబ్బా ఉత్త గాలి వదిలింది.

అక్క అతని వైపు చూడలేదు. నడుము మళ్లీ వంచింది.

"మళ్లీ," అంది.